మొదట రాయి దించినవారు



యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయమును మీరు ఎన్నో పర్యాయములు చదివియుందురు. నేనును చిన్ననాటనుండి చదివితిని. దానిమీద ప్రసంగములు చేసితిని. వేదాంత పాఠశాలలో దానినిగూర్చి పరీక్షయు వ్రాసితిని. అయినను అందులోని ఒక చిన్నమాట నా కంటికి ఆనుటకు దాదాపు యాభై యేండ్లు పట్టెను. పాపములో పట్టబడిన స్త్రీని దేవాలయములో ప్రభువునెదుట నిలువబెట్టిన మనుష్యులు, ఆయన మాట విని ఒకరి వెంట ఒకరు బయటికి వెళ్లిపోయిరని మనకందరికిని తెలియును. అయితే ముందుగా వెళ్లినవారెవరు? సువార్తికుడు దానిని కూడ విడువక వ్రాసెను. వయస్సున పెద్దవారు ముందు కదలిరి, చిన్నవారు వారి వెనుక వెళ్లిరి. (వారి చేతులలో అప్పటికే రాళ్లున్నవని వాక్యము చెప్పదు. ఆదివారపు బడి బొమ్మలలో మాత్రము అందరి చేతులలోను రాళ్లుండును. నా మనస్సులో ఆ బొమ్మయే నిలిచిపోయినది, క్షమించుడి.)

ఆ చిన్నమాటను నాకు చూపించినది ఒక సెల్‌ఫోను, మా సంఘములోని పదునేడేండ్ల పిల్ల. ఆ సంగతి సిగ్గుతోనే మీకు చెప్పుచున్నాను.

సెల్‌ఫోనులు మా పల్లెకు వచ్చి చాలకాలమైనది. గాని 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టును మొదట ఉచితముగాను, పిదప చౌకగాను ఇచ్చిన తరువాతనే కూలివాని చేతిలోను, కాలేజీ కుర్రవాని చేతిలోను, మంచముమీది తాతగారి చేతిలోను ఒకే రకపు ఫోను కనబడ నారంభించెను. రెండేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులు నాయొద్దకు వచ్చి మొరపెట్టుకొనసాగిరి. “అయ్యగారూ, మావాడు రాత్రి పన్నెండు దాకా దాంట్లోనే ఉంటున్నాడండీ. మీరైనా గట్టిగా చెప్పండి” అనిరి.

2018 ఏప్రిల్ నెలలో ఒక ఆదివారము గట్టిగానే చెప్పితిని. నలువది నిమిషములు చెప్పితిని. సెల్‌ఫోను కుటుంబమును చీల్చుచున్నదనియు, యౌవనస్థుల కన్నులను, కాలమును, పవిత్రతను దోచుకొనుచున్నదనియు చెప్పితిని. యౌవనస్థులు తలలు వంచుకొనిరి. పెద్దలు తలలూపిరి. మధ్యలో ముందు వరుసలోని సంఘపెద్దగారి జేబులో ఫోను క్రైస్తవ కీర్తనతో మ్రోగెను. ఆయన దానిని ఆపలేక అటునిటు నొక్కుచుండగా, వెనుకనుండి ఒక కుర్రవాడు లేచి వచ్చి, దానిని ఆపి ఆయన చేతికిచ్చి, మరల వెళ్లి తల వంచుకొని కూర్చుండెను. నేనది చూచితిని. చూచి నవ్వుకొని ప్రసంగమును సాగించితిని.

నెల తిరుగకమునుపే, అనగా మే మాసములో, మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఒక భయము వ్యాపించెను. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో సందేశములు వచ్చుచుండెను. వానితోకూడ ఒక వీడియోయు వచ్చెను. వీధిలో ఆడుకొనుచున్న పిల్లలయొద్దకు మోటారు సైకిలుమీద ఇద్దరు వచ్చి, ఒక బిడ్డను లాగికొని పోవుదురు. దానిని నాకు పంపినవాడు నాకు బాగుగా తెలిసిన మరియొక కాపరి, మంచివాడు. నేను ఆలోచింపలేదు, ఎవరినైనను అడుగలేదు. దానిని మా సంఘ గ్రూపులో పెట్టి, క్రింద నా మాటగా, “తల్లిదండ్రులారా జాగ్రత్త. కొత్తవాళ్లు కనిపిస్తే వదలవద్దు” అని వ్రాసితిని.

ఆ సాయంకాలము ఒక పిల్ల మా ఇంటి మెట్లయొద్దకు వచ్చి నిలిచెను. అప్పుడామె ఇంటర్మీడియట్ చదువుచుండెను. నా ప్రసంగము దినమున తల వంచుకొన్నవారిలో ఆమెయు నొకతె. “అయ్యగారూ, మీరు పెట్టిన వీడియో మన దేశంలోది కాదండీ. కరాచీలో తీసింది. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని చెప్పడానికి అక్కడివాళ్లు నటించి తీశారండీ. చివర్లో ఆ పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దింపేస్తారు. ఆ ముక్క కోసేసి పంపుతున్నారండీ” అని చెప్పెను.

“సరేనమ్మా, చూస్తాను” అని పంపివేసితిని. చూడలేదు. దినమంతయు ఫోనులో తల దూర్చుకొనియున్న పిల్లకు గాక ఇట్టి సంగతులు ఎవరికి తెలియునని మనస్సులో అనుకొంటిని. చదువరీ, అది నిజమే. ఆమెకు తెలిసినది ఫోనువలననే. నేను దానిని ఆమె దోషముగా ఎంచితిని.

రెండు దినముల తరువాత కాలువ వంతెనయొద్ద ఎవరినో పట్టుకొనిరని కబురు వచ్చెను. నేను పోవునప్పటికి ఒక స్త్రీని కరెంటు స్తంభమునకు కొబ్బరి తాడుతో కట్టియుండిరి. నలువది యేండ్లుండవచ్చును. మాకు తెలియని భాషలో ఏదో చెప్పుచుండెను. పెదవి చిట్లి రక్తము కారుచుండెను. ఆమె సంచిని నేలమీద బోర్లించియుండిరి. రెండు పాత చీరలు, ఒక స్టీలు గిన్నె, ఒక పసివాని చొక్కా. ఆ చొక్కాయే ఆమెమీద సాక్ష్యమాయెను. తాడు ముడివేసినవాడు మా సంఘపెద్దయే, ప్రసంగమప్పుడు జేబులో కీర్తన మ్రోగినవాడే. ఈగకైన కీడు చేయనివాడు. నేను ఆయన చేయి పట్టుకొంటిని. ఆయన నివ్వెరపోయి నన్ను చూచి, “మీరే కదండీ వదలొద్దని పెట్టారు” అనెను.

పోలీసులు వచ్చి ఆమెను విడిపించి తీసికొనిపోయిరి. ప్రాణము పోలేదు. మతి సరిగా లేని బాటసారి యని తరువాత చెప్పిరి. ఆమె పేరేమని మాలో ఎవరము అడుగలేదు. ఆ చొక్కా ఏ బిడ్డదో, ఆ బిడ్డ యేమాయెనో కూడ అడుగలేదు. నేటికిని ఆమెకొరకు ప్రార్థించునప్పుడు పేరు లేకయే ప్రార్థించుచున్నాను.

మా వంతెనయొద్ద ప్రాణము దక్కెను. అందరికిని అట్లు దక్కలేదు. అదే సంవత్సరము జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామములో, భిక్షమెత్తుకొని జీవించు సంచార జాతివారు ఐదుగురు ఇదే అపవాదుమీద కొట్టి చంపబడిరి. పంచాయితీ కార్యాలయపు గదిలోనే వారిని చంపిరి. రెండు వారములు గడువకమునుపే, హైదరాబాదునుండి కర్ణాటకలోని బీదరు జిల్లాకు వెళ్లిన స్నేహితులు కొందరు ముర్కి గ్రామ ప్రాంతమున జనుల చేతికి చిక్కిరి. వారిలో ఒక యువకుడు మరణించెను. వారు చేసినదేమనగా, బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చుట.

ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ, ఒకరు వ్రాయగా ఇంకొకరు పంపిన సందేశములమీద ఆ సంగతి తెలియునట్లు గురుతు పెట్టెను. మన దేశములో ఒకమారు ఐదింటికంటె ఎక్కువ చోట్లకు పంపకుండ హద్దు నియమించెను. 2020 ఏప్రిల్ నాటికి, అనేకుల చేతులు మారివచ్చిన సందేశమును ఒకమారు ఒక్కచోటికే పంపవీలగునట్లు చేసెను. అట్టి సందేశముమీద రెండు బాణముల గురుతుండును. మీ ఫోనులో చూడుడి. ఆ గురుతు కనబడినయెడల, దీనిని మొదట చెప్పినవాడెవడో మీకు పంపినవానికిని తెలియదని గ్రహించవలెను.

తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు కానిస్టేబుళ్లను ఊరూరికి పంపి, డప్పుతోను పాటతోను ఈ వదంతులు అబద్ధములని జనులకు చెప్పించిరి. పోలీసువారు డప్పు కొట్టుకొని ఊరూర తిరిగి సత్యమును చెప్పుచుండగా, కాపరినైన నేను ఇంట కూర్చుండి బొటనవ్రేలితో అబద్ధమును ప్రకటించితిని.

ద్వితీయోపదేశకాండము పదునేడవ అధ్యాయములో ఒక కఠినమైన ఆజ్ఞ యున్నది. మరణశిక్షకు పాత్రుడైనవానిమీద మొదట చేయి వేయవలసినవారు సాక్షులు, వారి తరువాతనే తక్కిన జనులు. ఇది క్రూరమైన నియమమని పాఠశాలలో మేము వాదించితిమి. అది జనులను కాపాడు నియమమని వంతెనయొద్ద నాకు తెలిసెను. సాక్ష్యము చెప్పు నోరును, రాయి విసరు చేయియు ఒక్కనివే కావలెనని దాని తాత్పర్యము. నీ మాటను నీ చేతితోనే నెరవేర్చవలసివచ్చినయెడల నీవు మాటలాడకమునుపు కొంత ఆగుదువు. ఫోను ఆ రెంటిని విడదీసినది. సాక్ష్యము నాది, చేయి సంఘపెద్దది. నేను పలికినది ఇంట కూర్చుండి, దెబ్బ తగిలినది వంతెనయొద్ద. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము పదునారవ వచనమును కూడ తెరచి చూడుడి. కొండెములు మోయుచు తిరుగుటయు, పొరుగువాని ప్రాణమునకు విరోధముగా లేచుటయు అచ్చట ఒకే వచనములో నిషేధింపబడినవి. రెండు వేర్వేరు పాపములను దగ్గరగా ఏల పెట్టెనని నేను పూర్వము అనుకొనుచుంటిని.

ఆ వీడియో సంగతియు అట్టిదే. అది కల్ల యనుటకంటె, తోక కోసిన సత్యము అనుట న్యాయము. కీడు జరుగకుండుటకై తీసిన బొమ్మను, చివరి ముక్క తీసివేసి కీడు చేయుటకు వాడిరి. అరణ్యములో సాతాను ప్రభువును శోధించినప్పుడు తొంబదియొకటవ కీర్తనలోని మాటలనే పలికెను గాని, నీ మార్గములన్నిటిలో అను మాటను జారవిడిచెను. ఈ కత్తిరింపు పని మిక్కిలి పాతది.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధించిన సంగతికి వచ్చుచున్నాను. వంతెనయొద్ద జరిగిన దానికి తరువాత నేను ఆ పిల్లను పిలిచి, ఆ వీడియో తప్పని నీకొక్కతెకేనా తెలిసినదని అడిగితిని. ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట చెప్పెను. యౌవనస్థుల కూటములోని చాలమందికి తెలియునట. వారికొక వేరు గ్రూపున్నదట. అందులో ఆ దినముననే దానినిగూర్చి మాటలాడుకొనిరట. నవ్వుకొనిరి కూడనట. మరి సంఘ గ్రూపులో ఒక్కరైనను ఏల చెప్పలేదని అడిగితిని. “పెద్దవాళ్ల గ్రూపులో మేం మాట్లాడకూడదు కదండీ. ఫోను పట్టుకుంటేనే పాపమని మీరు చెప్పారు. ఇంక ఇది ఫోనులో చూశామని ఎలా చెబుతామండీ” అనెను.

చదువరీ, ఈ మాటను నేను అనేక రాత్రులు మోసితిని. నా ప్రసంగము యౌవనస్థులకు ఫోనును మాన్పించలేదు. వారి నోటిని మూయించినది, అంతే. ఒకే ఇంటిలో, ఒకే కప్పు క్రింద, పెద్దలు ఒక గ్రామములోను పిల్లలు మరియొక గ్రామములోను కాపురముండునట్లాయెను. మా గ్రామము వాట్సాప్, ఫేస్‌బుక్, వారిది ఇన్‌స్టాగ్రామ్. వారి వీధులు మనకు తెలియవు, మన వీధులలో వారు నోరు విప్పరు. తీర్పు తీర్చినవానికి దూరమగు మొదటి మేలు ఏదనగా, దిద్దబడుట.

ఒక వయస్సువారు మరియొక వయస్సువారి చేతిలోని ఫోనును గూర్చి తీర్పు తీర్చవచ్చునా? తీర్చకూడదని నేననను. తండ్రికి కుమారునిమీద బాధ్యత యున్నది. అయితే ఆ తీర్పు తీర్చుటకు మనకెంత తెలియును? అమెరికా దేశములో 2016 ఎన్నికల కాలమున ఫేస్‌బుక్‌లో అబద్ధపు వార్తలను ఎవరు పంచిరో పరిశోధించి, కొందరు పండితులు 2019 జనవరిలో ప్రకటించిరి. పదిమందిలో ఒక్కరైనను అట్టివి పంచలేదు. గాని పంచినవారిని చూడగా, అరువదియైదేండ్లు దాటినవారు అందరికంటె చిన్నవారికన్న దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా పంచిరి. అది మన దేశపు లెక్క కాదు. అయినను దానిని చదివినప్పుడు మా సంఘ గ్రూపు నా కన్నులయెదుట నిలిచెను.

పెద్దలు బుద్ధిహీనులని దీని భావము కాదు. కారణము మా పెంపకములో నున్నదని నేననుకొందును. మేము పెరిగిన దినములలో అచ్చయిన మాట పదిమంది చేతులు దాటి వచ్చెడిది. వ్రాసినవాడొకడు, దిద్దినవాడొకడు, కూర్చినవాడొకడు. రేడియోలో చెప్పినది నిజమే యైయుండవలెనని మా తండ్రుల నమ్మకము. మాట నిజమో కాదో చెప్పిన మనిషి ముఖమును బట్టి తేల్చుటయు మాకు అలవాటు. మేనమామ చెప్పెను గనుక నిజము, అయ్యగారు చెప్పెను గనుక నిజము. ఇది చెడ్డగుణము కాదు, పల్లె బ్రదుకు నిలిచియున్నది దీనిమీదనే. వాట్సాప్‌లో వచ్చు ప్రతి అబద్ధమును తెలిసిన ముఖము తొడుగుకొనియే వచ్చును. పిల్లలకట్లు కాదు. వీడియోను ఎట్లు కోయుదురో, ఎట్లు అతుకుదురో వారి చేతులకే తెలియును. తానే కుమ్మరియైనవానికి కుండలోని పగులు త్వరగా కనబడును గదా.

ఇంకొక కారణము కలదు, చెప్పుటకు నొప్పి. వయస్సు మీరినవానిని ఇంటిలో ఎవరును ఏమియు అడుగరు. కుమారుడు పొలమునకు, కోడలు పనికి, మనుమడు కాలేజీకి పోవుదురు. మంచముమీద మిగిలినవానికి ఉదయమున ‘శుభోదయము’ అను పూల బొమ్మను నలువదిమందికి పంపుట, నేనింకను ఉన్నానని చెప్పుట. భయపెట్టు వార్తను పంపుట, నేనింకను పనికివత్తునని చెప్పుట. ఈ ఆకలిని చూడక పెద్దలను వెక్కిరించు యౌవనస్థులతో నాకు తగవున్నది.

వారికిని తమ వల తమకున్నది. ప్రభువు కొండమీద ప్రసంగములో, మనుష్యులకు కనబడవలెనని నీతికార్యములు చేయువారినిగూర్చి హెచ్చరించెను. నాడు వీధి మూలలలో నిలిచి ప్రార్థించువారుండిరి. 2009లో ఫేస్‌బుక్ ‘లైకు’ అను మీటను పెట్టినది మొదలు, వీధి మూల ప్రతివాని అరచేతిలోనికి వచ్చెను. మా కూటములోని కుర్రవాడొకడు తన బాప్తిస్మపు ఫొటోను పెట్టి, తగినంతమంది మెచ్చుకొనలేదని సాయంకాలమునకు తీసివేసెను. అతడు గర్విష్ఠి కాడు, లోపల ఎండిపోవుచున్న పిల్లవాడు. దీనికంటె చెడ్డ సంగతులును వింటిని. ఒక ఆడపిల్ల నమ్మి ఇచ్చిన ఫొటోను మగపిల్లలు చేతులు మార్చిరి. నేను పంపిన అబద్ధ సాక్ష్యమునకును దీనికిని తేడా ఏమి? నాకు కనబడలేదు. అక్కడను ఒక స్త్రీయే స్తంభమునకు కట్టబడినది.

పసిపిల్లలనుగూర్చి ఎక్కువ చెప్పను. రెండేండ్లలోపు బిడ్డలకు తెర చూపనేకూడదనియు, నాలుగేండ్లవరకు దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సలహా ఇచ్చెను. సరియైన సలహాయే. అయితే దినమంతయు నాట్లు వేసి వచ్చిన తల్లి, ఒక చేత కూరలో గరిటె త్రిప్పుచు, రెండవ చేత బిడ్డకు ముద్ద పెట్టుచు, ఎదుట ఫోను నిలువబెట్టినయెడల, ఆమెను గద్దించుటకు నేను ఆ వంటయింటిలోనికి పోజాలను. ఆ గరిటె అందుకొను మగవాడు పోవచ్చును.

ఫోను కుటుంబమును చీల్చునని చెప్పితినని వ్రాసితిని గదా. ఆ దినమున రెండవ వరుసలో ఒక మామ్మగారు కూర్చుండి, అందరితోకూడ తలయూపెను. కోనసీమనుండి స్త్రీలు ఇంటిపనికి కువైటు పోవుట మీకు తెలిసినదే. ఆ మామ్మగారి కుమార్తెయు అట్లే పోయెను. పోవునప్పుడు ఆమె బిడ్డకు మూడేండ్లు. కొంతకాలము తరువాత ఒక రాత్రి నేను ప్రార్థనకై వారి ఇంటికి వెళ్లితిని. ఇక్కడ తొమ్మిదిన్నర, అక్కడ ఏడు గంటలు. బియ్యపు డబ్బాకు ఆనించిన ఫోనులో తల్లి ముఖము కనబడుచున్నది. ఎదుట బిడ్డ కూర్చుండి పలకమీద వ్రాయుచున్నది. “దీర్ఘం మర్చిపోయావు, చూడు” అని తల్లి అక్కడనుండి అనెను. బిడ్డ దిద్దుకొనెను. మామ్మగారు ఫోనును చేత పట్టుకొని ఇల్లంతయు త్రిప్పి చూపించెను. క్రొత్తగా వేయించిన రేకులు, గంపక్రింద పెట్ట, అత్తగారి ఫొటోకు మార్చిన దండ. ఒకరును పెద్దగా ఏమియు మాటలాడలేదు. ఉప్పు ధర, వాన, ఎవరికో జ్వరము. గంటసేపు అట్లే కూర్చుండిరి. ఆ గంటసేపు ఆ ఇంటిలో తల్లి యుండెను.

నేను ఆ గుమ్మములో నిలిచి, నా ప్రసంగమును తలంచుకొంటిని. ఈ ముగ్గురిలో ఎవరిని గద్దించుదును? వృద్ధురాలినా, నడివయస్సు స్త్రీనా, బిడ్డనా? ఆ కుటుంబమును చీల్చినది దారిద్ర్యము. ఫోను దానిని కుట్టుచున్నది, కుట్టు పలుచనిదే యైనను. ఎంత పలుచనిదో కూడ ఒకమారు చూచితిని. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి తల్లి తెరలో నుదుటిని చూచుచు, ముట్టుకొనలేక ఏడ్చెను. యోహాను తన రెండవ పత్రిక చివర, వ్రాయవలసినవి యింకను చాల యున్నవనియు, కాగితముతోను సిరాతోను కాక ముఖాముఖిగా మాటలాడుటకు వచ్చెదనని నిరీక్షించుచున్నాననియు చెప్పెను. ఉత్తరమును తృణీకరింపక, ఉత్తరముతో తృప్తిపడక వ్రాసిన మాట అది. ఆ తల్లికి దానిని చదివి వినిపించితిని.

ఆ సంవత్సరమే జూన్ నెలలో ప్రభురాత్రి భోజనపు ఆదివారమున, రొట్టె విరువకమునుపు నేను సంఘముయెదుట నా తప్పును ఒప్పుకొంటిని. వీడియో పంపిన సంగతియు, ఒక చిన్నపిల్ల వచ్చి చెప్పగా వినకుండుటయు చెప్పి, ఆమె అనుమతితో ఆమె పేరును కూడ చెప్పి, క్షమాపణ కోరితిని. కూటము ముగిసిన తరువాత సంఘపెద్దలలో ఇద్దరు నా గదికి వచ్చిరి. వారు నొచ్చుకొనియుండిరి. ఒకాయన న్యాయముగానే వాదించెను. “పిల్లల ముందు కాపరి తల వంచితే రేపు మా మాట ఎవరు వింటారండీ? తల నెరసినవాని ముందు లేచి నిలబడమని వాక్యమే చెబుతోంది కదా” అనెను.

ఆ మాటను త్రోసివేయవద్దు. వృద్ధులకు మర్యాద తగ్గుచున్న కాలమిది. ఆయన భయమునకు ఆధారమున్నది. తల నెరసినవాని గూర్చిన ఆ ఆజ్ఞ లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయములోనిదే. కొండెమును రక్తమును కలిపి చెప్పిన వచనమును అదే అధ్యాయములోనిదే. పదునారు వచనముల దూరము. మొదటి దానిని మీరిన నోటితో రెండవ దానిని ఎట్లు అడుగుదుమని నేనంటిని. యోబు గ్రంథములోని ఎలీహు సంగతియు చెప్పితిని. అతడు చిన్నవాడగుటచేత పెద్దల మాటలు ముగియువరకు ఊరకుండి, వారియొద్ద జవాబు లేకపోవుట చూచిన పిమ్మట నోరు తెరచెను. మన పిల్లలును ఊరకుండిరి. వారు నోరు తెరచుటకు మనము చోటియ్యలేదు. ఒకాయన సమ్మతించెను. వాదించినాయన సమ్మతింపలేదు, నేటికిని సమ్మతింపలేదు. ఆయన మంచి విశ్వాసి, నాకు ఆప్తుడు.

యోహాను మొదటి పత్రిక రెండవ అధ్యాయములో చిన్నపిల్లలకు, యౌవనస్థులకు, తండ్రులకు వేర్వేరుగా మాటలు వ్రాసెను, రెండేసిమారులు వ్రాసెను. ఒక్కొక్క వయస్సుకు దేవుడు చేసిన మేలు ఏదో ఆ వయస్సుకే చెప్పెను. ఒకరి పాపమును మరియొకరికి చెప్పలేదు. ఆ తరువాత నా ప్రసంగములను నేను ఆ కొలతతో కొలుచుకొనుచున్నాను. తరచుగా తప్పుచున్నాను.

శనివారపు సాయంకాలము ప్రార్థనకు ముందు అరగంట, వచ్చిన సందేశములలో సందేహమైనవి తెచ్చి చూపించుకొను అలవాటు మా సంఘములో మొదలాయెను. చూచువారు పిల్లలు, చూపించుకొనువారు పెద్దలు. ‘మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు’ అని ఎవడో పోలీసు వేషములో బెదిరింపగా వణకుచు వచ్చిన విధవరాలి డబ్బు ఆ అరగంటలోనే దక్కెను. చట్టములో అట్టి అరెస్టు లేనే లేదని ఒక కుర్రవాడు చెప్పి, ఆమెచేత 1930 నంబరుకు ఫోను చేయించెను. ఎగతాళి చేసినవానిని మరుసటి వారము రానియ్యము. ఆ నియమము పెట్టినది పిల్లలే.

నాడు మా మెట్లయొద్దకు వచ్చిన పిల్ల ఇప్పుడు పట్టణములో నర్సుగా పనిచేయుచున్నది. సెలవు దొరికిన శనివారములలో ఇంటికి వచ్చును. తాడు ముడివేసిన సంఘపెద్దగారికి డెబ్బది దాటినవి. గడచిన వానకాలములో ఒక సాయంకాలము ఆయన ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోనుతో మా ఇంటికి వచ్చెను. కవరు విప్పి నాకు చూపించెను. వేరొక మతమువారు ఎక్కడో ఒక బిడ్డను ఏదో చేసిరని వీడియో, క్రింద ఎర్ర అక్షరములు, పైన రెండు బాణముల గురుతు. “నాలుగు రోజులైందండీ ఇది వచ్చి. మా బావమరిదే పంపాడు. ఎవరికీ పంపలేదండీ నేను. తీసేయడానికీ మనసొప్పలేదు, నిజమైతేనో అని. ఆ అమ్మాయి ఈ శనివారం వస్తుందాండీ?” అని యడిగెను.

వచ్చునని చెప్పితిని. ఆయన ఫోనును మరల కవరులో చుట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకొని, వానలోనే ఇంటికి వెళ్లెను.